మంగళవారం రాత్రి మైకు

(స్వర్ణోత్సవ సభలో ఒక పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)

 

మన సంఘం కార్యదర్శి నాకు ఫోన్ చేసి, "అమెరికాలో అన్నేళ్ళు ఇంజినీరుగా చేశావు కదరా, దాని గురించి ఓ పావుగంట మాట్లాడు" అన్నాడు. ఇంజినీరింగ్ గురించి చెప్పడానికి మనలో చాలామంది ఉన్నారు, నేను చేస్తున్న ఇంకో పని గురించి చెబుతానన్నాను. ఏం పని అన్నాడు. "బార్లలో కరావోకే నడుపుతున్నాను" అన్నాను. ఫోన్‌లో కాసేపు చప్పుడు లేదు. తర్వాత మెల్లగా, "చెప్పు గానీ, ముందు వరుసలో మాస్టార్లు ఉంటార్రా" అన్నాడు. మాస్టార్లు ఉంటారనే చెబుతున్నాను. ఎందుకో చివరికి మీకే తెలుస్తుంది.

కరావోకే జపాన్ మాట. 'కరా' అంటే ఖాళీ, 'ఓకే' అంటే ఆర్కెస్ట్రా. వాద్యాలు మాత్రం వినిపిస్తాయి, గొంతు మనది. పాట మాటలు తెర మీద వస్తుంటాయి. కోబే నగరంలో బార్లలో వాయించే డైసుకే ఇనోయే అనే ఆయన 1971లో ఇలాంటి యంత్రాలు పదకొండు తయారు చేయించి బార్లకు అద్దెకిచ్చాడు. అంతకుముందు ఒక ఖాతాదారుడు, "నాతో ఊరు రా, నేను పాడతాను, నువ్వు వాయించు" అని పిలిస్తే, తీరిక లేక వాద్యం మాత్రం టేపు చేసి ఇచ్చాడట. అక్కడ పుట్టింది ఆలోచన. ఆయన పేటెంటు తీసుకోలేదు. 2004లో ఇగ్ నోబెల్ శాంతి బహుమతి ఇచ్చారు. పక్కవాడి పాటను ఓర్చుకోవడం జనానికి నేర్పినందుకట! నవ్వుకోండి గానీ, నా ఉద్యోగం మొత్తం ఆ ఒక్క మాటలోనే ఉంది.

నేను ఉండేది టెక్సాస్‌లో, డాలస్ పక్కన. టెలికాం పరికరాల పని. యాభై మూడో ఏట ఒక గురువారం పొద్దున పది నిమిషాల వీడియో కాల్‌లో మా విభాగం మొత్తాన్ని తీసేశారు. కంపెనీ పేరు అనవసరం. అమ్మాయి కాలేజీ రెండో ఏడు. ఇంటి అప్పు ఇంకా ఉంది. మా ఆవిడ ఫార్మసీలో పనిచేస్తుంది కాబట్టి ఆరోగ్య బీమా ఆమె వైపు మార్చుకోగలిగాం, అది మా అదృష్టం. ఏడు నెలల్లో నూరుకు పైగా దరఖాస్తులు పెట్టాను. పదకొండు ఇంటర్వ్యూలు. యాభై దాటిన వాడికి "మీ అనుభవం మాకు ఎక్కువ" అని మర్యాదగా చెబుతారు. ఇక్కడ కూర్చున్న మన బ్యాచ్ వాళ్ళలో కొందరికి ఆ మర్యాద రుచి తెలుసు.

ఆ రోజుల్లో చేతిలో ఉన్నవి రెండే. ధ్వని, కరెంటు గురించిన చదువు ఒకటి. తెలుగు సంఘం కార్యక్రమాలకు పదిహేనేళ్ళు ఉచితంగా సౌండు చూసిన అలవాటు రెండోది. ఉగాది సభల్లో మైకు కుయ్యిమన్నప్పుడల్లా అందరూ నా వైపే చూసేవారు. ఆ పనికే డబ్బు తీసుకుంటే ఏమవుతుందని మా ఆవిడే అడిగింది. నేను కాదు.

ముందు లెక్క వేశాను. పన్నెండు అంగుళాల స్పీకర్లు రెండు, చిన్న మిక్సర్, లాప్‌టాప్, పాడేవాళ్ళకో తెర, మైకులు నాలుగు. సగం పాత సామాను కొన్నాను, మొత్తం మూడు వేల ఐదు వందల డాలర్లలో అయింది. వైర్‌లెస్ మైకులు మాత్రం పాతవి కొనలేదు. అమెరికాలో 600 మెగాహెర్ట్జ్ పట్టీని సెల్‌ఫోన్ కంపెనీలకు ఇచ్చేశారు. 2020 జులై తర్వాత ఆ పట్టీలో చాలా భాగంలో మైకులు వాడకూడదు. చవగ్గా అమ్మకానికి వచ్చేవి ఎక్కువగా అవే. వైరున్న మైకులు రెండు ఎప్పుడూ పెట్టెలో ఉంటాయి. 1966 నుంచి వస్తున్న ష్యూర్ ఎస్ఎం58 రకం అది. కింద పడ్డా పనిచేస్తుంది, బార్లో అది తప్పక పడుతుంది.

ఇక్కడున్న సైన్సు విద్యార్థులకు ఒక చిన్న లెక్క. శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది. అంటే వెయ్యో వంతు సెకనులో 34 సెంటీమీటర్లు. బ్లూటూత్ స్పీకరు చాలాసార్లు వెయ్యింట నూటయాభై వంతుల ఆలస్యం చేస్తుంది. అంటే మీ పాట మీకు యాభై మీటర్ల అవతల నుంచి వచ్చినట్టు వినిపిస్తుంది. మన గ్రౌండు ఆ చివర వాద్యాలు పెట్టి ఈ చివర పాడినట్టన్నమాట. ఎంత గొప్ప గాయకుడికైనా తాళం తప్పుతుంది. తప్పు గొంతుది కాదు, వైరు లేకపోవడానిది. అలాగే స్పీకర్లు ఎప్పుడూ పాడేవాడికి ముందు ఉండాలి, మైకు వాటి వైపు చూడకూడదు. ఇంట్లో ఫంక్షన్లు చేసుకునేవాళ్ళు ఈ రెండూ గుర్తుపెట్టుకుంటే చాలు, చుట్టుపక్కల వాళ్ళు మిమ్మల్ని దీవిస్తారు.

కాగితాల పని కూడా చెప్పాలి. కంపెనీ రిజిస్ట్రేషన్‌కు టెక్సాస్ రాష్ట్రానికి మూడు వందల డాలర్లు కట్టాను. ప్రమాద బీమా తీసుకున్నాను, అది లేకుండా చాలా బార్లు లోపలికి రానివ్వవు. ఎవరైనా వైరు తట్టుకుని పడితే ఎవరిది బాధ్యత అన్నది మొదటి ప్రశ్న. పాటల ప్రదర్శన హక్కుల రుసుము ఆస్క్యాప్, బీఎంఐ లాంటి సంస్థలకు బారు యజమాని కడతాడు. ట్రాకులు మాత్రం నేను డబ్బు పెట్టి కొన్నవే వాడతాను. ఒక ముఖ్యమైన మాట: నేను అక్కడి పౌరుణ్ణి కాబట్టి ఇది చేయగలిగాను. మీ పిల్లలు హెచ్1బి వీసా మీద ఉంటే, వీసా ఇప్పించిన కంపెనీ పని తప్ప ఇలాంటి పక్క సంపాదన కుదరదు. సరదాకు చేసినా డబ్బు తీసుకుంటే చిక్కే.

ఇక బార్లు. ఒక కాగితం మీద ఇరవై రెండు పేర్లు రాసుకున్నాను. శుక్రవారం సాయంత్రం బారు మేనేజరుతో ఎవరూ మాట్లాడలేరు, ఊపిరాడదు వాళ్ళకు. మంగళ, బుధవారాల్లో మధ్యాహ్నం మూడింటికి వెళ్ళేవాణ్ణి. "నేను బాగా చేస్తాను" అని ఎక్కడా అనలేదు. ఒక్కటే అడిగేవాణ్ణి: "వారంలో మీకు అన్నిటికన్నా ఖాళీగా ఉండే రాత్రి ఏది?" ఆ ప్రశ్నకు అందరూ జవాబు చెప్పారు. శనివారం బారు దానంతటదే నిండుతుంది, అక్కడ నా అవసరం లేదు. ఖాళీ రాత్రే నా సరుకు. "నాలుగు మంగళవారాలు ఇవ్వండి. మీ బిల్లులు మీరే చూసుకోండి. పెరగకపోతే నేనే సామాను సర్దుకుంటాను" అనేవాణ్ణి. ఉచితంగా మాత్రం ఒప్పుకోలేదు. ఉచితంగా వచ్చినవాడికి ఐదో వారం డబ్బు ఎవరూ ఇవ్వరు. మొదటి నాలుగు వారాలు నూటయాభై, నిలిస్తే రెండు వందలు.

పద్నాలుగు చోట్ల వద్దన్నారు. ఒకాయన నా వయసు, నా యాస చూసి "వచ్చేవాళ్ళు కంట్రీ పాటలు పాడతారు, నీకు తెలుసా?" అన్నాడు. "పాడేది వాళ్ళు, నేను కాదు కదా" అన్నాను. పదిహేనో చోట ఒక మేనేజరమ్మ ఒప్పుకుంది. మొదటి మంగళవారం తొమ్మిది మంది వచ్చారు, అందులో ముగ్గురు మా ఇంటివాళ్ళు. నాలుగో వారానికి ముప్పై. పాడేవాడు ఒంటరిగా రాడు, తన పాట వినడానికి నలుగుర్ని తెచ్చుకుంటాడు. ఆ నలుగురే బారుకు వ్యాపారం.

నా అసలు పని రొటేషన్, అంటే వంతులు. రాత్రి ఎనిమిది నుంచి పన్నెండు దాకా 240 నిమిషాలు. మారే సమయంతో కలిపి పాటకు ఐదు నిమిషాలు అనుకుంటే 48 పాటలు. పదహారు మంది ఉంటే తలా మూడు, ఇరవై నాలుగు మంది ఉంటే తలా రెండు. కొత్తవాడు వస్తే వరుస చివర చేరతాడు. ఇంతే సూత్రం. కానీ రాత్రి పదయ్యేసరికి ఎవరో ఒకరు ఇరవై డాలర్ల నోటు మడిచి చేతిలో పెట్టి, "నా పేరు పైకి జరుపు" అంటారు.

ఆరో వారం ఒక పుట్టినరోజు బృందం వచ్చింది. పన్నెండు మంది. బాగా ఖర్చు పెడుతున్నారు. వరుసగా తామే పాడాలన్నారు. మేనేజరమ్మ దూరం నుంచి "ఒప్పుకో" అని సైగ చేసింది. నా దగ్గర ఉన్నది ఆ ఒక్క బారే. అది పోతే మళ్ళీ ఇరవై రెండు పేర్ల కాగితమే. నేను ఆవిడ దగ్గరికి వెళ్ళి చెప్పాను: "వీళ్ళు ఈ రాత్రికి వచ్చారు, మళ్ళీ ఏడాదికి వస్తారు. ఆ మూల బల్లల దగ్గర పదిహేను మంది ప్రతి మంగళవారం వస్తున్నారు. ఒక్కసారి వాళ్ళ వంతు అమ్మేస్తే ఇక రారు." బృందం నుంచి ఒకరు, మిగతావాళ్ళ నుంచి ఒకరు, అలా మార్చి మార్చి పిలిచాను. పుట్టినరోజు అమ్మాయి పాటకు అందరినీ లేచి చప్పట్లు కొట్టమన్నాను. ఆవిడ ఆ రాత్రి నాతో మాట్లాడలేదు. చెక్కు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. ఇంటికొచ్చి మా ఆవిడతో, "ఇక ఆ బారు అయిపోయినట్టే" అన్నాను. సోమవారం ఫోన్ చేసి గురువారం కూడా చేస్తావా అని అడిగింది.

ఆ వంతుల నియమం నాకు ఎక్కడిదో చెబుతాను. మన తెలుగు మాస్టారు పద్యాలు అప్పజెప్పించేటప్పుడు రిజిస్టరు వరుసలోనే పిలిచేవారు. రాగం బాగా తీసేవాళ్ళు ముగ్గురు నలుగురు ఉండేవారు, తనిఖీకి ఇన్‌స్పెక్టరు వచ్చిన రోజున కూడా వాళ్ళనే లేపేవారు కాదు. నత్తి ఉన్న మా స్నేహితుడి వంతు వచ్చినప్పుడు క్లాసంతా ఆగేది. అతను నాలుగు పాదాలు పూర్తి చేసేదాకా మాస్టారు కిటికీలోంచి బయటికి చూస్తూ, తొందరేమీ లేనట్టు నిలబడేవారు. నవ్వినవాణ్ణి ఏమీ అనేవారు కాదు, తర్వాతి వంతు వాడికే ఇచ్చేవారు. ఆయన ఇవాళ మన మధ్య లేరు. ఉంటే ఈ బారు సంగతి ముందు ఆయనకే చెప్పేవాణ్ణి.

నా దగ్గరికి ప్రతి మంగళవారం ఒక పెద్దాయన వస్తాడు. లారీ నడిపి రిటైరయ్యాడు. భార్య పోయింది. ఒకే పాట పాడతాడు, శ్రుతి అందదు. మనవాళ్ళు ఒకటిన్నర శ్రుతి, రెండు శ్రుతి అంటారే, అలా సాఫ్ట్‌వేరులో మూడు అరమెట్లు దించి పెడతాను. దించానని ఆయనకు చెప్పను. పాడాక ఏదో ఒక మంచి మాట చెబుతాను, అబద్ధం కాకుండా. "చివరి చరణం నిలబెట్టారు" లాంటిది. 1996లో 'పాడుతా తీయగా' మొదలైనప్పటి నుంచి బాలు గారు పిల్లలతో మాట్లాడే తీరు మనందరం చూశాం. తప్పు చెప్పేముందు ఒప్పు వెతికేవారు. నేను తప్పు చెప్పను, అది నా పని కాదు. ఒప్పు వెతకడం మాత్రం ఆయన దగ్గర నేర్చుకున్నదే.

డబ్బు సంగతి దాచను. వారానికి రెండు రాత్రులు, నాలుగు వందలు. ఏడాదికి ఇరవై వేల లోపు. అందులో స్వయం ఉపాధి పన్ను 15.3 శాతం, బీమా, పెట్రోలు, ట్రాకులు పోవాలి. పాత జీతంతో పోలిస్తే చిన్న మొత్తం. ఇల్లు దీనితో నడవదు. కానీ ఆ ఏడు నెలల తర్వాత ఇంట్లోకి వచ్చిన మొదటి సంపాదన అదే. మనిషి నడుము నిలబెట్టడానికి ఆ మొత్తం సరిపోయింది. ఇప్పుడు పగలు కాంట్రాక్టు మీద ఇంజినీరు పని మళ్ళీ చేస్తున్నాను. ఆ ఇంటర్వ్యూలో "ఖాళీ సమయంలో ఏం చేశారు?" అని అడిగితే నేను తల దించుకోలేదు. అరగంట దాని గురించే మాట్లాడుకున్నాం. హ్యూస్టన్‌లో పూర్తికాలం ఉద్యోగం కూడా వచ్చింది, జీతం ఎక్కువ. మంగళవారం వదలాలి. వద్దన్నాను. మా ఆవిడ కాగితం మీద కూడికలు, తీసివేతలు వేసి చూసి, "బతకొచ్చు" అంది.

మా అమ్మకు మొదట చెప్పినప్పుడు "బారులోనా? మనింటా వంటా ఉందా?" అంది. గుడి దగ్గర కొందరు మా ఆవిడను జాలిగా పలకరించారు. పనిలో ఉన్నప్పుడు నేను చుక్క ముట్టుకోను, అది వ్రతమని కాదు, ముప్పై మంది వంతులు గుర్తుండాలి కదా. ఎక్కువ తాగినవాడికి మైకు ఇవ్వను, వాడి కారు తాళాల సంగతి బారు వాళ్ళకు చెబుతాను. అమ్మ కిందటేడు వచ్చి ఒక మంగళవారం నిమ్మరసం తాగుతూ మూల కూర్చుంది. లారీ పెద్దాయన పాట అయ్యాక, "ఈయన ఇంటికెళ్ళి ఎవరితో మాట్లాడతాడురా?" అని అడిగింది. తర్వాత ఎప్పుడూ బారు మాట ఎత్తలేదు.

యాభై దాటి ఉద్యోగం పోయినవాళ్ళు, పోతుందని భయపడుతున్నవాళ్ళు ఈ హాల్లో ఉన్నారు. వాళ్ళకు చెప్పగలిగింది ఇది. ఇన్నాళ్ళు ఉచితంగా చేసిన పని ఏదో వెతుక్కోండి. దానికి ఎవరి ఖాళీ రాత్రి సరిపోతుందో అడగండి. ధర చెప్పండి. మీ కాగితం మీద కూడా పద్నాలుగు పేర్లు కొట్టేయాల్సి రావచ్చు, పదిహేనోది ఉంచండి.

మన బడికి మా బ్యాచ్ తరఫున రెండు స్పీకర్లు, మిక్సరు, వైరున్న మైకులు నాలుగు ఇస్తున్నాం. వాటి వాడకం రేపు పొద్దున తొమ్మిదో తరగతి పిల్లలకు నేనే నేర్పుతాను. హెడ్మాస్టరు గారికి ఒక్కటే విన్నపం. శనివారం ఆఖరి పీరియడ్‌లో పాడాలనుకున్న ప్రతి పిల్లకీ, పిల్లాడికీ మైకు ఇవ్వండి. రిజిస్టరు వరుసలో.