రాయబారం సీనుకు గైడు

తిరుపతి వేంకట కవుల ‘పాండవోద్యోగ విజయాలు’ నాటకాల పద్యాలు మా దివిసీమలో చాలామందికి రాగంతో సహా కంఠతా వచ్చు. అర్థం అడిగితే మాత్రం నసుగుతారు. తప్పేం లేదు. హార్మోనియం మీద రాగం సాగేకొద్దీ సంధి ఎక్కడ విడిందో చెవికందదు. టీకా తాత్పర్యాల పుస్తకం అక్కడే అక్కరకొస్తుంది.

జంటకవుల్లో చెళ్లపిళ్ల వారు బందరు హిందూ హైస్కూల్లో తెలుగు పండితులుగా పనిచేశారు. అందుకేనేమో, ఈ నాటకాలను పాఠంలా చదివినా రుచి పోదు.

పరీక్ష గైడు మాత్రం కథ చెప్పి ఊరుకుంటుంది. ఈ నాటకాల్లోని రాయబారం సీనులో కృష్ణుడి ఎదుట ధృతరాష్ట్రుడు, దుర్యోధనుడు, కర్ణుడు ఉన్నారు. ఏ మాట ఎవరికి తగలాలని అంటున్నాడు? నన్నడిగితే అసలు ప్రశ్న అదే. పక్కన తిక్కన ఉద్యోగపర్వం పెట్టుకోండి, కవులు దేన్ని పెంచారో, దేన్ని వదిలారో తెలుస్తుంది. పద్యాన్ని ముందు సొంతంగా విడగొట్టి, ఆ తర్వాతే గైడు తెరవండి.