పాత మాండొలిన్‌లు: వాని గుర్తింపు, ఆదరణ



కుండను కొనువారు దానిని వ్రేలితో తట్టి చూతురు. బాగుగ కాలినది ఖంగున మ్రోగును, బీటవారినది మ్రోగదు. కుమ్మరిపనికి పేరు గన్న పలమనేరువారికి ఈ పరీక్ష క్రొత్తది గాదు. పాత వాద్యమును పరీక్షించుటయు నిట్టిదే.

మాండొలిన్ ఇటలీ దేశపు వాద్యము. 18వ శతాబ్దమున నేపుల్సు నగరమందు వినాచ్చియా వంశమువారు దీనిని ప్రసిద్ధికి దెచ్చిరి. సన్నని కొయ్యపట్టీలను ప్రక్కప్రక్కన నతికి, వెనుకభాగమును డొప్పవలె చేయుదురు. తీగలు 8, రెండేసి చొప్పున 4 జతలు.

అమెరికాలో ఆర్విల్ గిబ్సన్ వేరు త్రోవ త్రొక్కెను. వయొలిన్‌వలె పలకను చెక్కి ఉబ్బెత్తుగ తీర్చి, 1898లో పేటెంటు పొందెను. ఆయన పేర వెలసిన కంపెనీలో లాయిడ్ లోర్ తీర్చిన ఎఫ్-5 రకము మిక్కిలి ప్రసిద్ధము. 1922 మొదలు 1924 వరకు ఆయన సంతకము, తేదీ గల చీటీలు అందులో అతికించిరి. 1923 జూలై 9 తేదీ గల అట్టి వాద్యమొకటి ఫ్లారిడాలో ఒక క్షౌరశాలయందు అమ్మకమునకుండగా బిల్ మన్రో కొనెను. ఆ దేశపు జానపద సంగీతమున దాని నాదము ఒక క్రొత్త బాణీకి మూలమయ్యెను. 1985లో దుండగులెవరో దానిని ముక్కలు చేయగా, పనివారు ఆ ముక్కలనే ఓపికతో అతికి మరల పలికించిరి.

మన దేశమునకు వచ్చిన ఈ వాద్యము తెలుగువారి చేత మరియొక జన్మ మెత్తినది. 1969లో పాలకొల్లున జన్మించిన ఉప్పలపు శ్రీనివాస్ జంటతీగలను విడిచి, 5 ఒంటితీగల విద్యుత్ మాండొలిన్‌పై కర్ణాటక సంగీతమును పలికించెను. జంటతీగలను ఒక్కసారి సమముగ లాగి గమకము పలికించుట కష్టము. ఒంటితీగ వ్రేలికి లొంగును. ఆయన 2014లో దివంగతుడయ్యెను. కావున తీగలు తక్కువైనంత మాత్రమున వాద్యము లోపముగలదని తలంపరాదు.

ఇక పరీక్షాక్రమము. లోపలి చీటీ దస్తావేజు వంటిది. అయినను దస్తావేజు నొక్కదానిని చూచి ఎవరును భూమిని కొనరు, సరిహద్దులును చూతురు. అట్లే చీటీలోని సంగతికి కొయ్య, అతుకులు, అరుగుదల సాక్ష్యమీయవలెను. మెడ వంగినదా, పలక క్రుంగినదా, అతుకు విడినదా యని మొదట చూడవలెను. అది తెలియక పాత వాద్యమునకు తీగలు బిగించినచో పలక చీలవచ్చును. మెరుపు కొరకు క్రొత్త వార్నీషు పూయరాదు. దానితో పాత పూత మరుగగును, కాలపు గుర్తు చెడును.

భజనమందిరములందును, నాటకసమాజములవారి ఇండ్ల అటకలమీదను మూలబడిన వాద్యములుండవచ్చును. పాత గ్రంథమునకు క్రొత్త అట్ట వేయువారు లోపలి ముఖపత్రమును చించి పారవేయరు. వాద్యమునకును ఆ మర్యాదయే చెల్లవలెను. పుస్తకమును కాపాడనేర్చిన యూరు పాటను పలికించు కొయ్యనుగూడ కాపాడుకొనునుగాక!