కొలిచిన శక్తి – తలచిన శక్తి
(ప్లాటినం జూబిలీ ఉత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డెబ్భై ఐదేళ్ళ పండుగనాడు కారు ఇంజనులోని ఒక గొట్టాన్ని గురించి ప్రసంగమేమిటని కొందరు ఆశ్చర్యపోవచ్చు. అయితే ఆ గొట్టం మన బడిలోని ప్రయోగశాలకు చాలా దగ్గరి చుట్టం. ఒక మార్పు చేసిన తరువాత మేలు జరిగిందని నమ్మడం వేరు, జరిగిందని తెలుసుకోవడం వేరు. ఆ రెంటి మధ్య దూరాన్ని పిల్లలకు తెలియజెప్పడం పాఠశాల బాధ్యతలలో ముఖ్యమైనది. అందుకు ఈ గొట్టం కథ చక్కని ఉదాహరణ.

బెంగుళూరు నగరానికి తూర్పున, పాత విమానాశ్రయం రోడ్డు, ఔటర్ రింగ్ రోడ్డు కలిసేచోట మారతహళ్ళి ఉన్నది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలకై వెళ్ళిన తెలుగు యువతీయువకులు ఆ పరిసరాలలో పెద్ద సంఖ్యలో నివసిస్తున్నారు. ఆంధ్రా భోజనశాలలు వీధివీధినా కనిపిస్తాయి. తెలుగు మాట చెవిని పడని సందు ఉండదు. అక్కడ ఉద్యోగం చేసుకొనే ఒక యువకుణ్ణి ఊహించుకుందాం. ఏళ్ళ తరబడి కూడబెట్టిన సొమ్ముతో అతడు రెండు తలుపుల స్పోర్ట్స్ కూపే కారు ఒకటి కొన్నాడు. రెండు లీటర్ల ఇంజను. కొన్నాళ్ళకు ఆ వేగం చాలదనిపించింది. మిత్రుల సలహాపై ఇన్‌టేక్ మానిఫోల్డ్ మార్పించాడు. కారు గొంతు మారింది, గర్జన పెరిగింది. "పది హార్స్‌పవర్ పెరిగిందిరా" అని అందరికీ చెప్పుకున్నాడు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళన్నట్లు, ఎవరు ప్రశ్నించినా అతడు వినలేదు. నిజంగా పెరిగిందా?

ఇంజనులోకి వచ్చే గాలిని ఒకచోట చేర్చుకొని, ఒక్కొక్క సిలిండరుకు విడివిడి గొట్టాల ద్వారా పంచిపెట్టే భాగమే ఇన్‌టేక్ మానిఫోల్డ్. చూడటానికి చేతివేళ్ళవలె ఉంటుంది; అరచేయి గాలి గది, వేళ్ళు గొట్టాలు. ఇంజను పెట్రోలును కాల్చి శక్తి పుట్టిస్తుందని అందరికీ తెలుసు. ఒక కిలో పెట్రోలు పూర్తిగా కాలాలంటే దాదాపు 14.7 కిలోల గాలి కావాలన్నది అంతగా తెలియదు. పెట్రోలు ఎంతైనా చిమ్మవచ్చు; దానికి తగిన గాలిని లోనికి రప్పించడమే కష్టం. నిమిషానికి 7000 సార్లు తిరిగే రెండు లీటర్ల ఇంజను ఆ ఒక్క నిమిషంలో సుమారు 7000 లీటర్ల గాలి పీలుస్తుంది. విశ్రాంతిగా కూర్చున్న మనిషి పీల్చేది నిమిషానికి ఆరేడు లీటర్లే! ఆ వేగంలో ఒక్కొక్క సిలిండరు సెకనుకు దాదాపు 58 సార్లు ఊపిరి తీసుకుంటుంది.

ఇక్కడొక చమత్కారం ఉన్నది. గొట్టంలో పరుగెత్తుకొస్తున్న గాలి ముందు కవాటం ఒక్కసారిగా మూసుకుంటే, ముందున్న గాలి ఆగిపోతుంది, వెనుకనున్నది వచ్చి దానిని నొక్కుతుంది. ఆ ఒత్తిడి ఒక అలయై, సెకనుకు సుమారు 340 మీటర్ల ధ్వనివేగంతో వెనుకకు పోయి, గాలి గది వద్ద ప్రతిఫలించి, మరల కవాటం వైపు వస్తుంది. ఇలా గొట్టంలో అటూ ఇటూ తిరిగే ఒత్తిడి అల సరిగ్గా కవాటం తెరుచుకొని ఉన్న సమయానికి చేరితే, మామూలుగా పట్టేదానికన్న కొంత ఎక్కువ గాలి సిలిండరులోకి చొరబడుతుంది. ఉయ్యాల ఊపే అమ్మాయి అది వెనక్కి వచ్చిన క్షణాన్ని కనిపెట్టి తోసినప్పుడే ఉయ్యాల ఎత్తుకు పోతుంది. తొందరపడి తోసినా, ఆలస్యంగా తోసినా ఊపు తగ్గుతుంది. ఇదీ అంతే.

పొడవైన గొట్టంలో అల వెళ్ళి రావడానికి ఎక్కువ సమయం పడుతుంది. కనుక అది ఇంజను నెమ్మదిగా తిరిగేటప్పుడు మేలు చేస్తుంది. పొట్టిగా, వెడల్పుగా ఉన్న గొట్టం ఇంజను అతివేగంగా తిరిగేటప్పుడు మేలు చేస్తుంది. అన్ని వేగాలకూ సమానంగా ఉపకరించే గొట్టం ఒకటి లేదు. ఒకచోట పొందినదానికి మరొకచోట మూల్యం చెల్లించక తప్పదు. 1954లో లోకం ముందుకు వచ్చిన మెర్సిడెస్ 300 ఎస్.ఎల్. కూపేలో పొడవైన గొట్టాలకు చోటు కావాలి, బానెట్ ఎత్తు మాత్రం పెరగకూడదు. అందుకని ఇంజనునే ఒక ప్రక్కకు వాల్చి అమర్చారు. 1991లో ఫ్రాన్సులోని లె మాన్ 24 గంటల పందెంలో గెలిచిన మజ్దా 787బి కారులోనైతే, ఇంజను వేగాన్ని బట్టి గొట్టాల పొడవే మారే ఏర్పాటు ఉండేది. ఒకే కొలత అన్నిటికీ సరిపోదని ఆ ఇంజనీర్లకు తెలుసు.

మన యువకుడు పొట్టి గొట్టాల మానిఫోల్డ్ బిగించుకున్నాడనుకుందాం. ఇంజను 6500 సార్లు తిరిగేచోట అతనికి నిజంగానే కొంత శక్తి పెరిగి ఉండవచ్చు. కానీ మారతహళ్ళి వంతెన దగ్గర సాయంకాలపు రద్దీలో కారు ఆ వేగం ఎన్నడు అందుకోవాలి? రోజూ అతనికి పనికివచ్చే 2000, 3000 దగ్గర బలం తగ్గిపోయి ఉండవచ్చు. గర్జన వినిపిస్తుంది కనుక ఆ తగ్గుదల తెలియదు. చెవి శబ్దాన్ని వింటుంది గాని శక్తిని కొలవలేదు.

కొలవడానికి డైనమోమీటర్ అనే సాధనం ఉన్నది. కారు చక్రాలను పెద్ద రోలర్ల మీద నిలిపి నడిపిస్తే, ఏ వేగంలో ఎంత బలం వస్తున్నదో గీత గీసి చూపుతుంది. అయితే సాధనం ఉన్నంత మాత్రాన సత్యం బయటపడదు. బెంగుళూరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్నది. అక్కడి గాలి చెన్నై గాలికన్న దాదాపు పదవవంతు పలుచన. టర్బో లేని ఇంజను చెన్నైలో 200 అశ్వశక్తి ఇస్తే, మారతహళ్ళిలో 180 ప్రాంతంలో ఇస్తుంది. వేడిమి సంగతీ అంతే. ఇంజనులోకి పోయే గాలి 30 డిగ్రీల నుండి 40 డిగ్రీలకు వేడెక్కితే దాని సాంద్రత సుమారు 3 శాతం తగ్గుతుంది.

ఈ 3 శాతాన్ని గుర్తుంచుకోవాలి. 2012లో అమ్మకానికి వచ్చిన సుబారు బి.ఆర్.జెడ్. అనే స్పోర్ట్స్ కూపేకు అమెరికా లెక్కల ప్రకారం 200 అశ్వశక్తి ఉండేది. 2017 నమూనాలో, చేత్తో గేర్లు మార్చే కార్లకు, తయారీదారులే ఇన్‌టేక్ మానిఫోల్డ్‌ను, దానితోపాటు మరికొన్ని భాగాలను మెరుగుపరచగా అది 205కు పెరిగింది. అంటే రెండున్నర శాతం. ప్రయోగశాలలు, ఇంజనీర్లు, ధనం అన్నీ ఉన్న సంస్థకు దక్కిన ఫలం అది. పాత గొట్టాన్ని మండుటెండలో, కొత్త గొట్టాన్ని చల్లని ఉదయాన పరీక్షిస్తే, ఏ గొట్టం మార్చకుండానే అంత తేడా కనిపిస్తుంది! పది హార్స్‌పవర్ పెరిగిందని చెప్పుకొనే యువకుడు కొలిచినది గొట్టాన్నా, వాతావరణాన్నా?

కాబట్టి నిజాయితీగల పరీక్షకు కొన్ని నియమాలున్నాయి. మార్చవలసినది ఒక్కటే, ఇంధనం, టైర్లలో గాలి, గేరు, ఇంజను వేడి అన్నీ రెండుసార్లూ ఒకే తీరున ఉండాలి. మొదట పాత గొట్టంతో కనీసం మూడుసార్లు కొలవాలి. ఆ మూడు కొలతల మధ్యనే నాలుగు అశ్వశక్తుల తేడా ఉంటే, తరువాత కనిపించే మూడు అశ్వశక్తుల లాభానికి అర్థం లేదు. కొత్తది బిగించి మూడుసార్లు కొలవాలి. అటుపిమ్మట చాలామంది చేయని పని ఒకటి చేయాలి. పాత గొట్టాన్ని తిరిగి బిగించి మరల కొలవాలి. శక్తి మొదటి అంకెకే తిరిగి వస్తే లాభం కొత్త గొట్టానిదే. రాకపోతే ఆ లాభం మరెక్కడినుండో వచ్చినది. శిఖరాన ఉన్న ఒక్క అంకెను కాక గీత మొత్తాన్ని చూడాలి. ఎక్కడ పెరిగిందో, ఎక్కడ తగ్గిందో రెండూ వ్రాసుకోవాలి. లోనికి పోయే గాలి పెరిగి, పెట్రోలు దానికి తగినట్లు పెరగకపోతే ఇంజను లోపల వేడి హద్దు మీరి పిస్టన్లు దెబ్బతినవచ్చు. అందువల్ల గాలి-ఇంధన నిష్పత్తిని కూడ ప్రతిసారీ నమోదు చేయాలి.

ఇటువంటి పరీక్ష ఎంత కఠినమైనదో మారతహళ్ళి దాపునే ఒక చరిత్ర చెబుతుంది. ఆ ఊరికి పడమరన హిందుస్థాన్ ఏరోనాటిక్స్ సంస్థ విమానాశ్రయం ఉన్నది. 1961 జూన్ 17న అక్కడినుండి హెచ్.ఎఫ్.-24 అనే యుద్ధవిమానం తొలిసారి ఎగిరింది. దాని పేరు మారుత్, అంటే గాలి. జర్మనీకి చెందిన కుర్ట్ టాంక్ నాయకత్వాన భారతీయ ఇంజనీర్లు దానిని రూపొందించారు. ధ్వనివేగానికి రెట్టింపు వేగం అందుకోవాలన్నది మొదటి ఆశయం. విమాన శరీరం చక్కగా కుదిరింది గాని, దానికి తగిన ఇంజను దొరకలేదు. అందుబాటులో ఉన్న ఆర్ఫియస్ 703 ఇంజన్లు రెండింటితోనే సరిపెట్టుకోవలసి వచ్చింది. ఆశించిన వేగం అందలేదు.

శక్తి పెంచడానికి ఆ ఇంజన్ల తోకలో అదనంగా ఇంధనం మండించే రీహీట్ ఏర్పాటును బెంగుళూరులోనే రూపొందించి పరీక్షించారు. త్రోపుడు బలం పెరిగింది. కానీ ఆ ఏర్పాటు కోసం విమానం వెనుక భాగం వెడల్పు కాగా గాలి నిరోధం కూడ పెరిగి, వచ్చిన లాభాన్ని చాలావరకు మింగివేసింది. 1970 జనవరి 10న అటువంటి నమూనా విమానంతో బయలుదేరిన టెస్ట్ పైలట్ గ్రూప్ కెప్టెన్ సురంజన్ దాస్ ప్రమాదంలో అసువులు బాసారు. మారుత్‌ను తొలిసారి ఎగిరించినదీ ఆయనే. పాత మద్రాసు రోడ్డును పాత విమానాశ్రయం రోడ్డుతో కలిపే దారికి నేడు ఆయన పేరున్నది. ఆ దారిన రోజూ పోయే మన పిల్లలలో ఎంతమందికి ఆ పేరు వెనుకనున్న కథ తెలుసు? మారుత్ విమానాన్ని ఆ దగ్గరలోని హెచ్.ఎ.ఎల్. ప్రదర్శనశాలలో చూడవచ్చు. అక్కడివారు పెరిగిన బలాన్ని వ్రాసుకున్నారు, పెరిగిన నిరోధాన్నీ వ్రాసుకున్నారు. తమ శ్రమకు ప్రతికూలమైన అంకెను దాచలేదు. పరీక్ష అంటే అదే.

ఇక తల్లిదండ్రులకు ఒక మాట. వీధిలో తిరిగే వాహనాన్ని ఇష్టం వచ్చినట్లు మార్చడానికి చట్టం అనుమతించదు. తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చరాదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను చెబుతున్నది; 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఆ మాటనే ధ్రువపరచింది. వేగం మీద మక్కువ ఉన్నవారికి చెన్నై సమీపాన ఇరుంగట్టుకోట్టైలోను, కోయంబత్తూరులోను పందెపు బాటలున్నాయి. రింగ్ రోడ్డు పందెపు బాట కాదు. అక్కడ రోడ్డు దాటేది మరొక తల్లి కన్నబిడ్డ. కుమారుడు కొత్త గొట్టానికి డబ్బు అడిగినప్పుడు కోపగించుకోవడంకన్న, "పాతదానితో ఎంత వచ్చింది నాయనా? ఆ కాగితం చూపించు" అని అడగడం మేలు. జవాబు లేకపోతే తన కోరిక ఎటువంటిదో అతనికే తెలిసివస్తుంది. జవాబు ఉంటే ఆ ఇంట ఒక ఇంజనీరు ఉన్నాడన్నమాట.

సహోపాధ్యాయులకు మరొక మాట. పదవ తరగతి ప్రయోగ పుస్తకాలు తెరిచి చూస్తే, లోలకం ఆవర్తనకాలం ప్రతి విద్యార్థికీ ఒకే విధంగా, పాఠ్యపుస్తకంలో ఉన్నట్లే వస్తుంది. ముప్పయి మంది చేతులు దారాన్ని ముప్పయి రకాలుగా పట్టుకున్నా అంకె మాత్రం మారదు. ఎలా మారుతుంది? ముందువాని పుస్తకం చూసి వ్రాసిన అంకె అది. తప్పు అంకె వ్రాసిన పిల్లవానికి మార్కులు తగ్గించి, నకలు వ్రాసినవానికి నిండు మార్కులు వేసిన రోజున, పరీక్ష లేకుండానే పది హార్స్‌పవర్ పెరిగిందని చెప్పే యువకుణ్ణి తయారుచేసినది బడే. తన గడియారంలో కనిపించిన అంకెను, అది ఎంత వంకరగా ఉన్నా వ్రాసి, ఎందుకు వంకర వచ్చిందో రెండు వాక్యాలు చేర్చిన పిల్లవానికి అధిక మార్కులు వేయాలి. ఆ పిల్లవాడు రేపు కారు పరీక్షించినా, ఔషధం పరీక్షించినా, వంతెన పరీక్షించినా లోకం అతనిని నమ్మవచ్చు.

ఈ పాఠం చెప్పడానికి డైనమోమీటర్ అవసరం లేదు. ఒక ఖాళీ సీసా మూతి మీద గాలి ఊదితే అది పలుకుతుంది. నీరు పోసి లోపలి చోటు తగ్గిస్తే స్వరం హెచ్చుతుంది. మూతికి కాగితపు గొట్టం చుట్టి మెడ పొడిగిస్తే స్వరం తగ్గుతుంది. మానిఫోల్డ్ లోపలి గాలి ఆడే ఆటకు ఇది దగ్గరి బంధువు. ఎనిమిదవ తరగతి పిల్లలు దీనిని తెలుగులో చూడగలరు, కొలవగలరు, వ్రాయగలరు, ప్రశ్నించగలరు. తెలుగులో నేర్చిన ఆలోచన మారతహళ్ళిలోనైనా, మరెక్కడైనా చెల్లుబాటు అవుతుందని ఈ సభలోని పూర్వ విద్యార్థులే నిరూపించారు.

డెబ్భై ఐదేళ్ళ ఈ విద్యాలయం తన వయస్సును గురించి గర్వించడంతోపాటు, తన ప్రయోగ పుస్తకాలను ఒకసారి తెరిచి చూసుకొనుగాక! వచ్చే ఏడాది లోలకం ప్రయోగంలో ముప్పయి మందికి ముప్పయి అంకెలు వచ్చునుగాక!

స్వస్తి.