కొత్తగా వచ్చిన పొరుగువారు, మన బాధ్యత
(ప్రపంచ ఆదివాసీ దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మేము దుమ్ముగూడెం మండలంలోని ఒక చిన్న క్రైస్తవ సంఘం తరఫున మాట్లాడుతున్నాం. మేమూ కోయలమే. ఆదివారం మా మందిరానికి వచ్చేవి పాతిక కుటుంబాలు మాత్రమే. అయినా మమ్మల్ని ఈ వేదిక మీదకు పిలిచిన పెద్దలకు కృతజ్ఞతలు.

మా ప్రాంతంలో మిషను 1860లలో మొదలైంది. అవి గోదావరి మీద ఆనకట్ట పనులు జరుగుతున్న రోజులు. ఆ తర్వాత దుమ్ముగూడెంలో ఏళ్ళ తరబడి ఉన్న జాన్ కెయిన్ అనే మిషనరీ కోయ భాష నేర్చుకుని, లూకా సువార్తను ఆ భాషలోకి తెచ్చారు. ఆ చరిత్ర నుంచి మేము తీసుకున్న పాఠం ఒకటే. ఎవరి గడపలోకి వెళ్ళాలన్నా ముందు వాళ్ళ మాట నేర్చుకోవాలి.

ఇప్పుడు మన చుట్టూ ఊళ్ళు మారిపోయాయి. 2005లో ఛత్తీస్‌గఢ్‌లో సల్వాజుడుం మొదలయ్యాక, రెండు వైపుల తుపాకుల మధ్య నలిగిపోయిన వేలాది ఆదివాసులు సరిహద్దు దాటి మన అడవుల్లోకి వచ్చారు. వాళ్ళనే మనం గుత్తికోయలు అంటున్నాం. ఆదివాసీ యువకులకు ఆయుధాలిచ్చి పోరుకు పంపడం రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు 2011లో తీర్పు ఇచ్చింది. కానీ అప్పటికే చాలా కుటుంబాలు ఇక్కడ గుడిసెలు వేసుకున్నాయి, పిల్లలు పుట్టారు. వీళ్ళు కాక ఏటా మిరప కోతలకు వచ్చి పోయేవాళ్ళు వేరే ఉన్నారు.

మన యువకుల్లో కొందరు ఏమంటున్నారో మాకు తెలుసు. "వాళ్ళొచ్చి మన అడవి కొడుతున్నారు, తక్కువ కూలికి పోతున్నారు" అంటున్నారు. ఈ మాటను కొట్టిపారేయలేం. పోడుకు చోటు తగ్గుతున్న మాట నిజం, కూలి దగ్గర పోటీ ఉన్న మాటా నిజం. అయితే వాళ్ళ స్థితి కూడా చూడండి. అటవీ హక్కుల చట్టం కింద పట్టా రావాలంటే 2005 డిసెంబరు 13కు ముందు నుంచి ఆ భూమి సాగులో ఉండాలి. ఆ తేదీ తర్వాత వచ్చినవాళ్ళకు ఇక్కడ పట్టా ఆశ లేదు. వేరే రాష్ట్రం వాళ్ళు కాబట్టి కుల ధ్రువీకరణ పత్రం దొరకడమూ కష్టమే. పత్రం లేనివాడు ఎంత కూలి ఇస్తే అంతకు ఒప్పుకుంటాడు. వాళ్ళ బలహీనత వల్లే మన కూలీ పడిపోతోంది. వాళ్ళను తరిమితే మన కూలి పెరగదు. ఇద్దరం కలిసి ఒకే రేటు అడిగితేనే పెరుగుతుంది.

మా సంఘం చేస్తున్నవి చిన్న పనులే. మందిరం రేకుల షెడ్డులో సాయంత్రం పిల్లలకు చదువు చెబుతున్నాం. నిండు గర్భిణులను ఆసుపత్రికి తీసుకెళ్ళినప్పుడు మా ఆడవాళ్ళు తోడు వెళ్ళి, నర్సమ్మ చెప్పింది కోయలో చెబుతున్నారు. ఆధార్, రేషన్ దరఖాస్తులు మా యువకులు నింపి పెడుతున్నారు. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటినప్పుడు మందిరం తలుపులు అందరికీ తీశాం. ఎవరు ఏ వేల్పును కొలుస్తారని అడగలేదు.

దీనికి మేము ఒక కట్టుబాటు పెట్టుకున్నాం. బియ్యం ఇచ్చే చోట, దరఖాస్తు నింపే చోట, జబ్బు మనిషి దగ్గర మతం మాట ఎత్తకూడదు. మా విశ్వాసం గురించి ఎవరైనా అడిగితే చెబుతాం, దాచుకోం. కానీ ఆకలితో ఉన్నవాడి దగ్గర షరతు పెట్టి ఇచ్చింది సహాయం కాదు, బేరం. యేసు ప్రభువు చెప్పిన మంచి సమరయుడి కథలో కూడా, దెబ్బలు తిన్న మనిషిని అతడు ఏ ప్రశ్నా వేయలేదు, గాయాలు కట్టాడు.

ఇంకో మాట సూటిగా చెప్పాలి. మందిరానికి వెళ్ళేవాళ్ళు ఆదివాసులు కారని కొందరు అంటున్నారు. షెడ్యూల్డు తెగల గుర్తింపుకు 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వులో మతం షరతు లేదు. చట్టం సంగతి అలా ఉంచినా, మా ఇంటిపేర్లు, గోత్రాలు, చుట్టరికాలు మీతో ముడిపడినవే. భూమి పండుగలో పూజలో మేము కూర్చోకపోవచ్చు. ఊరంతా కలిసి వండుకునే చోట కట్టెలు మోయడానికి, నీళ్ళు తేవడానికి వస్తున్నాం. క్రిస్మస్‌కు పటేల్, పూజారి మా బంతిలో కూర్చుని భోంచేస్తున్నారు. ఈ రాకపోకలు తెగిపోతే నష్టపోయేది తెగ మొత్తం.

ఈ పనిలో మాకు అనుకోని లాభం ఒకటి కలిగింది. హాస్టళ్ళలో చదివిన మా పిల్లల్లో చాలామందికి కోయ సరిగా రాదు. గుత్తికోయ పిల్లలకు తెలుగు రాదు. మాటలో కొంత తేడా ఉన్నా ఇద్దరిదీ ఒకే వేరు. షెడ్డులో మన పిల్లలు వాళ్ళకు తెలుగు అక్షరాలు నేర్పుతుంటే, వాళ్ళు మనవాళ్ళకు చెట్ల పేర్లు, పిట్టల పేర్లు, రేల పాటలు నేర్పుతున్నారు. మనం ఇవ్వడానికి వెళ్ళి తెచ్చుకుంటున్నాం.

తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా, మిమ్మల్ని మా మందిరానికి రమ్మని అడగడానికి మేము రాలేదు. ఈ మిరప కోతల నాటికి ప్రతి ఊరి నుంచి చదువుకున్న ఇద్దరు ముందుకు రండి. వేల్పులను కొలిచే ఇంటి నుంచి ఒకరు, మందిరానికి వెళ్ళే ఇంటి నుంచి ఒకరు. ఇద్దరూ కలిసి పక్కన ఉన్న గుత్తికోయ గూడేనికి వెళ్ళండి. ఎవరి పిల్లలు బడి మానేశారు, ఎవరికి కూలి బాకీ ఉంది, ఎవరికి జ్వరం తగ్గడం లేదు, రాసుకుని రండి. మిగిలిన పని కలిసి చేద్దాం.

జై ఆదివాసీ. అందరికీ జోహార్.