ఫోటోల దిద్దుబాటు: గ్రాడ్యుయేటెడ్ ఫిల్టర్, రంగుల పనిముట్లు



ఈనాటి పాఠంలో కంప్యూటర్‌లో ఫోటోలను దిద్దుకోవడానికి వాడే రెండు రకాల పనిముట్ల గురించి తెలుసుకుందాం. మొదటిది గ్రాడ్యుయేటెడ్ ఫిల్టర్. రెండోది రంగులను సరిచేసే పనిముట్లు. ముందుగా నేను చేసిన ఒక పొరపాటు చెబుతాను. పాఠమంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

కొన్నేళ్ల క్రితం కోల్‌కతా వెళ్లినప్పుడు ఒక సాయంత్రం మల్లిక్ ఘాట్ మెట్ల మీద నిలబడి హౌరా వంతెనను ఫోటో తీశాను. మల్లిక్ ఘాట్ అంటే వంతెన పక్కనే, కోల్‌కతా వైపు ఒడ్డున ఉన్న పెద్ద పూలబజారు. ఎదురుగా హుగ్లీ నది, అవతలి ఒడ్డున హౌరా స్టేషను. సూర్యుడు అటువైపే దిగుతున్నాడు. ఇంటికొచ్చాక ఆ ఫోటోను కంప్యూటర్‌లో తెరిచి ఆకాశానికి నీలం దట్టించాను. ఆ నీలాన్నే నీటి మీదికి కూడా లాగాను. బుట్టల్లోని బంతిపూలను నిప్పుకణికల్లా చేశాను. చాలా బాగా వచ్చిందనుకున్నాను.

మన కొల్లేరు చుట్టుపక్కల చెరువుల చేప హౌరా మార్కెట్టుకు వెళుతుందని మీలో చాలామందికి తెలుసు. ఆ వ్యాపారం మీద చాలా ఏళ్లు హౌరాలో ఉండి వచ్చిన భీమవరం వైపు పెద్దాయన ఒకరికి ఆ ఫోటో చూపించాను. ఆయన కళ్లజోడు సర్దుకుని చూసి, "ఇదే ఊరి నదండీ?" అని అడిగారు.

"హుగ్లీయేనండీ, మీరు రోజూ చూసిందే" అన్నాను.

"కాదండి. మన గోదారికి ఎర్రనీరు వచ్చినప్పుడు ఎలాగుంటదో, ఆ నీళ్లు ఇంచుమించు అలాగుంటాయండి. ఇంత నీలం నేనక్కడ ఒక్కరోజు కూడా చూళ్లేదు" అన్నారు.

ఆయనకు సాఫ్ట్‌వేర్ తెలియదు. కానీ నది తెలుసు. నేను నదిని మార్చేశానని ఒక్క చూపులో పట్టేశారు. అలాగని ఫోటోను దిద్దడమే తప్పా? కాదు. అది ఎందుకు కాదో, ఎక్కడ తప్పవుతుందో ఇప్పుడు చూద్దాం.

మనం నది ఒడ్డున నిలబడినప్పుడు కన్ను ఒకచోట ఆగదు. ఆకాశాన్ని చూసి, మెట్లను చూసి, మళ్లీ ఆకాశాన్ని చూస్తుంది. చూపు తిరిగిన ప్రతిసారీ కన్ను, మెదడు ఆ వెలుగుకు తగ్గట్టు సర్దుకుంటాయి. కెమెరాకు ఆ వీలు లేదు. ఒక్క క్లిక్కులో ఒకే కొలత వెలుగును లోపలికి తీసుకుంటుంది. వెలుగు రెట్టింపయితే ఒక స్టాప్ పెరిగిందంటాం. మూడు స్టాపులంటే ఎనిమిది రెట్లు, నాలుగంటే పదహారు రెట్లు. సూర్యాస్తమయం వేళ ఆకాశానికీ నీడలో ఉన్న మెట్లకూ మధ్య ఇంత తేడా ఉండటం మామూలే. మెట్లు కనిపించేలా తీస్తే ఆకాశం తెల్లబడుతుంది, ఆకాశం కోసం తీస్తే మెట్లు చీకటవుతాయి.

ఇది కొత్త సమస్య కాదు. 1863లో శామ్యూల్ బోర్న్ అనే ఆంగ్లేయ ఛాయాగ్రాహకుడు కలకత్తాలో ఓడ దిగాడు. ఆయన పేరుతో మొదలైన బోర్న్ అండ్ షెపర్డ్ స్టూడియో 2016లో మూతపడేదాకా ఆ నగరంలో నడిచింది. ఆ కాలంలో తడి కొలోడియన్ పూసిన గాజు పలకల మీద ఫోటోలు తీసేవారు. ఆ పూతకు నీలం వెలుగు మీద స్పందన చాలా ఎక్కువ. అందువల్ల నీలాకాశం పలక మీద అతిగా పడి, అచ్చులో తెల్లకాగితంలా మిగిలేది. 1850లలోనే ఫ్రాన్సులో గుస్తావ్ లె గ్రే సముద్రాన్ని ఒక నెగటివ్ నుంచి, ఆకాశాన్ని మరో నెగటివ్ నుంచి తీసుకుని ఒకే చిత్రంగా అచ్చు వేశాడు. ఆ తరవాత డార్క్‌రూములో పనిచేసినవాళ్లు ఎన్లార్జర్ కింద చిన్న అట్టముక్కను అడ్డుపెట్టి, ఒక భాగానికి తక్కువ వెలుగు, మరో భాగానికి ఎక్కువ వెలుగు ఇచ్చేవారు. గీత పడకుండా ఆ అట్టను మెల్లగా కదుపుతూ ఉండేవారు. ఆ కదిలే అట్టముక్కకు కంప్యూటర్ రూపమే మన గ్రాడ్యుయేటెడ్ ఫిల్టర్ అనుకోండి.

కెమెరా ముందు పెట్టే గ్రాడ్యుయేటెడ్ ఫిల్టర్ కూడా ఉంది. అది పైసగం నల్లగా, కిందిసగం పారదర్శకంగా, మధ్యలో క్రమంగా పలచబడే అద్దం. అదే పని చేసే పనిముట్టు 2008లో వచ్చిన లైట్‌రూమ్ రెండో వెర్షన్‌లో చేరింది. 2021 నుంచి అందులో దాని పేరు లీనియర్ గ్రేడియంట్. ఉచితంగా దొరికే డార్క్‌టేబుల్‌లోనూ ఇలాంటిదే ఉంది. గింప్‌లో అయితే ఇలా చేయవచ్చు: ఫోటో పొరకు నకలు తీసి, ఆ నకలును కొంచెం చీకటి చేయండి. దానికి లేయర్ మాస్క్ తగిలించి, ఆ మాస్క్ మీద పైనుంచి కిందికి తెలుపు నుంచి నలుపుకు గ్రేడియంట్ గీయండి. మాస్క్ తెల్లగా ఉన్నచోట చీకటి చేసిన నకలు కనిపిస్తుంది, నల్లగా ఉన్నచోట కింది అసలు చిత్రం కనిపిస్తుంది.

లైట్‌రూమ్‌లో ఈ పనిముట్టును ఆకాశం మీది నుంచి కిందికి లాగితే మూడు గీతలు కనిపిస్తాయి. మొదటి గీతకు పైన పూర్తి ప్రభావం, మధ్య గీత దగ్గర సగం, మూడో గీత దాటాక ఏమీ ఉండదు. గీతల మధ్య దూరం ఎక్కువైతే మార్పు మెత్తగా ఉంటుంది. దగ్గరైతే ఆకాశానికి అంచు కుట్టినట్టు తెలిసిపోతుంది. ఎక్స్‌పోజర్‌ను ఒక స్టాప్ తగ్గించి మొదలుపెట్టండి. చాలా ఫోటోలకు అదే సరిపోతుంది.

ఇక్కడ మూడు సంగతులు గుర్తుంచుకోవాలి.

మొదటిది, ఆకాశంలోకి పొడుచుకొచ్చే వస్తువులు. హౌరా వంతెన ఎత్తు దాదాపు 82 మీటర్లు. ఫిల్టర్‌కు వంతెన అని, ఆకాశం అని తేడా తెలియదు. ఆకాశంతోపాటు వంతెన పైభాగాన్ని కూడా నల్లగా చేస్తుంది. ఉక్కు దూలాల అల్లిక మసిబారిపోతుంది. అప్పుడు ల్యూమినెన్స్ రేంజ్ అనే సదుపాయం వాడి, వెలుగు ఎక్కువున్న భాగానికే ఫిల్టర్ పనిచేసేలా పరిమితం చేయాలి. ఆకాశం వెలుగు, వంతెన చీకటి కాబట్టి రెండూ విడిపోతాయి.

రెండోది, లేనిదాన్ని ఏ ఫిల్టరూ తేలేదు. మామూలు జేపెగ్ ఫోటోలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒక్కొక్కదానికి 0 నుంచి 255 వరకు 256 మెట్లుంటాయి. ఆకాశంలో మూడూ 255కు చేరిపోతే అక్కడ మేఘం సమాచారం లేనట్టే. చీకటి చేస్తే బూడిద రంగు గోడ వస్తుంది తప్ప మేఘం రాదు. 12 బిట్ల రా ఫైలులో 4,096 మెట్లు, 14 బిట్ల ఫైలులో 16,384 మెట్లు ఉంటాయి కనుక దిద్దుబాటుకు చోటెక్కువ. అయినా ఫోటో తీసేటప్పుడే ఆకాశం పూర్తిగా తెల్లబడకుండా చూసుకోవడం మేలు.

మూడోది, నీటిలోని ప్రతిబింబం. నీరు తన మీద పడ్డ వెలుగులో కొంత భాగాన్నే తిప్పి పంపుతుంది. కాబట్టి ఆకాశం ప్రతిబింబం ఆ ఆకాశం కన్నా ఎక్కువ వెలుగుతో ఉండదు. మీరు దిద్దిన ఫోటోలో నది ఆకాశం కన్నా మెరిసిపోతుంటే ఫిల్టర్ ఎక్కువైందని అర్థం.

ఇక రంగుల విషయానికి వద్దాం.

మొదట చూడవలసింది వైట్ బ్యాలెన్స్. పగటి వెలుగు సుమారు 5,500 కెల్విన్లు, పాతకాలపు ఫిలమెంటు బల్బు సుమారు 2,800 కెల్విన్లు. బల్బు కింద తెల్లకాగితం కొంచెం పసుపుగా ఉన్నా మన మెదడు దాన్ని తెలుపుగానే లెక్కవేసుకుంటుంది. కెమెరాకు ఆ లెక్క మనం చెప్పాలి. సాఫ్ట్‌వేర్‌లో డ్రాపర్ తీసుకుని తెల్లటి వస్తువు మీద నొక్కితే రంగులన్నీ దానికి తగ్గట్టు సర్దుకుంటాయి. నా ఫోటోలో ఒక బెంగాలీ ఆవిడ ఎర్రంచు తెల్లచీర కట్టుకుని మెట్లు దిగుతోంది. ఆ చీర మీద డ్రాపర్ నొక్కాను. చీర మల్లెపువ్వులా తెల్లబడింది, సాయంత్రం మాయమైపోయింది! నీరెండ పడిన తెల్లచీర నిజానికి కాస్త బంగారు రంగులోనే ఉంటుంది. తెల్లనివన్నీ పాలు కావని పెద్దలు ఊరికే అనలేదు. డ్రాపర్ ఇచ్చిన జవాబును ఆ వేళ వెలుగుతో పోల్చుకుని, తగినంత వెనక్కి రావాలి.

తరవాతిది ఒక్కో రంగును విడిగా దిద్దే పనిముట్టు. ఇందులో మూడు స్లైడర్లుంటాయి. హ్యూ అంటే అది ఏ రంగు అన్నది. సాచురేషన్ అంటే రంగు గాఢత. ల్యూమినెన్స్ అంటే ఆ రంగు వెలుగు. బంతిపూలతో జాగ్రత్తగా ఉండాలి. వాటిలో ఎరుపు పాలు ముందే ఎక్కువ. సాచురేషన్ ఇంకా పెంచితే ఎరుపు 255 దగ్గర ఆగిపోతుంది. అప్పుడు రేకుకూ రేకుకూ మధ్య తేడా పోయి పువ్వు రంగు ముద్దలా కనిపిస్తుంది. నేను చేసింది అదే. నారింజ రంగు ల్యూమినెన్స్‌ను కాస్త తగ్గించి, సాచురేషన్ జోలికి పోకుండా ఉంటే రేకులు మళ్లీ విడివిడిగా కనిపిస్తాయి.

"అయితే మాస్టారూ, ఇదంతా కృత్రిమమే కదా" అని మీరు అడగవచ్చు. దానికి జవాబు కోల్‌కతాలోనే ఉంది. సత్యజిత్ రాయ్ తీసిన 'అపరాజితో' 1956లో విడుదలైంది. అందులో కాశీలోని ఒక ఇంటి లోపలి వాకిలి ఉంది. కళాదర్శకుడు బన్సీ చంద్రగుప్త దాన్ని ఆరుబయట కట్టాలనుకున్నా, వర్షాల భయంతో కలకత్తాలోని స్టూడియో లోపల కట్టవలసి వచ్చింది. నిజమైన వాకిట్లో వెలుగు పైనున్న ఆకాశం నుంచి మెత్తగా దిగుతుంది, గట్టి నీడలుండవు. స్టూడియో దీపాలు నేరుగా వేస్తే ఆ మెత్తదనం రాదు. ఛాయాగ్రాహకుడు సుబ్రత మిత్ర వాకిలి పైన తెల్లబట్ట పరిపించి, కిందినుంచి దీపాలు దాని మీద వేసి, తిరిగి వచ్చే వెలుగుతో చిత్రీకరించారు. ఆకాశం అబద్ధం, దీపాలు అబద్ధం. కానీ ఆ వాకిట్లో వెలుగు ఎటునుంచి, ఎలా రావాలో ఆ సంగతి నిజం. పనిముట్టు కృత్రిమమైనంత మాత్రాన చిత్రం అబద్ధం కాదు. ఆ చోటుకు, ఆ వేళకు ఉన్న వెలుగును కాదన్నప్పుడే అబద్ధమవుతుంది.

ఈ మాట నదికి ఎంత ముఖ్యమో, మనిషికి అంతకన్నా ముఖ్యం. 1994 జూన్ 27 నాటి టైమ్ పత్రిక ముఖచిత్రంగా ఓ.జె. సింప్సన్ పోలీసు ఫోటో వేశారు. దాన్ని కంప్యూటర్ మీద దిద్ది, ఆయన చర్మాన్ని బాగా నల్లగా చేశారు. అదే వారం న్యూస్‌వీక్ పత్రిక అదే ఫోటోను అలా నల్లబరచకుండా వేసింది. పక్కపక్కన పెట్టి చూసిన పాఠకులు నివ్వెరపోయారు, టైమ్ మీద తీవ్ర విమర్శలు వచ్చాయి. ఆ ఫోటోలో ఏ వస్తువునూ చేర్చలేదు, తీసేయలేదు. ముఖ్యంగా వెలుగును, రంగును మార్చారు. దానితోనే ఇంకా విచారణ జరగని మనిషిని చూసే చూపు మారిపోయింది.

మన దగ్గర జరిగేది దీనికి తలకిందులు. మనుషుల చర్మం ఎవరిదైనా సాఫ్ట్‌వేర్ లెక్కలో ఎక్కువగా నారింజ రంగులోకే వస్తుంది. ఆ స్లైడర్ ల్యూమినెన్స్‌ను కొంచెం పెంచితే చామనఛాయ పిల్ల క్షణంలో తెల్లబడిపోతుంది. పెళ్లి సంబంధాలకు పంపే ఫోటోల్లో ఈ పని ఎంత మామూలైపోయిందో మీకు తెలుసు. చేసేవాళ్లకు అది ఒక చిన్న కదలిక. ఆ ఫోటో చూసుకునే అమ్మాయికి మాత్రం "నీ రంగు చాలలేదు" అని చెప్పినట్టే. నీడ పడిన ముఖాన్ని కనిపించేలా చేయండి, అది కెమెరా లోపాన్ని దిద్దడం. పుట్టుకతో వచ్చిన రంగును దిద్దకండి, అందులో లోపం లేదు.

నేను ఆ ఫోటోను మళ్లీ మొదటినుంచి దిద్దాను. లైట్‌రూమ్, డార్క్‌టేబుల్ వంటివి అసలు ఫైలును ముట్టుకోవు కనుక అది సాధ్యపడింది. ఆకాశం ఒక స్టాప్ తగ్గించాను, వంతెనను వదిలేశాను, చీరకు సాయంత్రాన్ని తిరిగి ఇచ్చాను, నీటి రంగును ముట్టుకోలేదు. పెద్దాయన చూసి, "ఆఁ, ఇప్పుడు బురద వాసనొచ్చిందండి" అన్నారు. నాకు అంతకన్నా మంచి మార్కులు ఎవరూ వేయలేదు.

మీకు ఒక అభ్యాసం. ఈ ఆదివారం సాయంత్రం మీ ఊరి చెరువు గట్టుకు గానీ, ప్రకాశం బరాజ్‌కు గానీ, హుస్సేన్ సాగర్‌కు గానీ వెళ్లండి. ముందు కెమెరా తీయకుండా అయిదు నిమిషాలు చూడండి. ఆకాశం ఏ రంగులో ఉంది, నీరు ఏ రంగులో ఉంది, ఎదురుగా ఉన్న మనిషి ముఖం మీద వెలుగు ఎటునుంచి పడుతోంది, ఈ మూడూ పుస్తకంలో రాసుకోండి. తరవాత ఫోటో తీసి, ఆ మూడు వాక్యాలను పక్కన పెట్టుకుని దిద్దండి. చివరికి ఆ చోటునే పుట్టి పెరిగిన ఎవరికైనా చూపించండి. వాళ్లు "ఇదే ఊరు?" అని అడిగితే మళ్లీ మొదలుపెట్టండి.