సీలేరు నీళ్ళ వెంట

(పాఠశాల స్వర్ణోత్సవాల పూర్వ విద్యార్థుల సభలో చేసిన ప్రసంగ పాఠం)

ముందు వరసలో దుప్పట్లు కప్పుకుని కూర్చున్న పిల్లలకు ప్రత్యేకంగా నమస్కారం. మా రోజుల్లో లంబసింగి చలికి ఇన్ని దుప్పట్లు లేవు, నెగడే మా దుప్పటి.

"ఇంజనీరువి కదా, పిల్లలకు పనికొచ్చేది ఏదైనా చెప్పు" అన్నారు సంఘం వారు. నేను ముప్పై ఏళ్ళుగా జలాశయాల గేట్ల పనిలో ఉన్నాను. కానీ ఈ రోజు గేట్ల గురించి కాదు, పోయిన వేసవిలో నేనూ మా ఆవిడా చేసిన ఐదు రోజుల పడవ ప్రయాణం గురించి చెబుతాను. గేట్లు మధ్యలో వాటంతట అవే వస్తాయి.

ముందు ఒక నిజం ఒప్పుకోవాలి. పోయిన వేసవి దాకా, దాదాపు నలభై ఏళ్ళపాటు నేను పడవ ఎక్కలేదు. డ్యాం మీద నిలబడి గేటు ఎత్తించాను, దించాను. డ్యాం వెనక నీళ్ళలోకి పడవలో వెళ్ళి చూడాల్సి వస్తే మాత్రం ఏదో సాకు చెప్పి జూనియర్లను పంపేవాణ్ణి. కారణం మా బ్యాచి వాళ్ళకు తెలుసు. ఎనిమిదో తరగతిలో నా బల్ల మీద నా పక్కన కూర్చున్నవాడు దసరా సెలవులకు ఇంటికి వెళ్ళాడు. వాళ్ళ ఊరు సీలేరు వైపు, నీళ్ళకు అవతల. దోనె తిరగబడింది. సెలవుల తరవాత వాడు రాలేదు. వాడి పేరు ఇక్కడ చెప్పను. చెప్పకపోయినా ఇక్కడ కొందరు తల దించుకోవడం నాకు కనిపిస్తూనే ఉంది.

మా ఆవిడది కోనసీమ. వాళ్ళ తాతగారు కాలువల్లో సరుకు పడవ నడిపినవారు. కొబ్బరికాయలు, ధాన్యం వేసుకుని లాకులు దాటి రాజమండ్రి, కాకినాడ వెళ్ళి వచ్చేవారట. గాలి ఉంటే తెరచాప, లేకపోతే గెడ, అదీ సాగకపోతే గట్టు మీద నడుస్తూ తాడుతో లాగడం. పెళ్ళయినప్పటి నుంచి ఆమెది ఒకటే కోరిక: తాతగారు తిరిగిన నీళ్ళ మీద ఒక్కసారి తిరగాలని. 2019లో వెళదామని సెలవు కూడా పెట్టాను. ఆ సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర పర్యాటకుల పడవ మునిగి యాభై మందికి పైగా పోయారు. సెలవు రద్దు చేసుకున్నాను. ఆమె ఏమీ అనలేదు. పోయిన వేసవిలో మాత్రం అంది: "ఏవండీ, మీరు ఎక్కకపోతే మానెయ్యండి. నేను ఎక్కుతాను, మీరు గట్టు మీద కూర్చోండి." ఆ మాటకు బయలుదేరక తప్పలేదు.

మే మొదట్లో వెళ్ళాం. మొదటి రోజు ధవళేశ్వరం. మీలో చాలామంది ఆ బ్యారేజీ మీదుగా బస్సులో వెళ్ళే ఉంటారు. ఆర్థర్ కాటన్ 1847లో మొదలుపెట్టి 1852కి ఆనకట్ట పూర్తి చేశాడు. అంతకు ముందు 1832-33 కరువులో ఈ సీమలో జనం ఊళ్ళకు ఊళ్ళు పోయారు. పక్కనే అంత పెద్ద నది ఉండి కూడా! పాత ఆనకట్ట స్థానంలో మన చిన్నతనంలో 175 గేట్లతో బ్యారేజీ వచ్చింది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు భాగాలు. నేను గేట్లు లెక్కపెడుతూ నడుస్తుంటే మా ఆవిడ నవ్వింది: "సెలవులో కూడా డ్యూటీయేనా?" అని.

కాటన్‌ని మనం పొలాలకు నీళ్ళిచ్చిన దొరగానే గుర్తు పెట్టుకున్నాం. ఆయన లెక్కలో కాలువంటే సాగు ఒక్కటే కాదు, రవాణా కూడా. రైళ్ళ కన్నా పడవలు చవక అని జీవితాంతం వాదించాడు. అందుకే పెద్ద కాలువల మీద పడవలు దాటడానికి లాకులు కట్టారు. కాకినాడ కాలువ, ఏలూరు కాలువ, కృష్ణ దాటాక కొమ్మమూరు కాలువ, ఆ తరవాత బకింగ్‌హాం కాలువ. ఇలా కాకినాడలో ఎక్కిన సరుకు మద్రాసు దాకా నీళ్ళ మీదే పోయేది. 1900లో గోదావరి మీద హేవ్‌లాక్ వంతెన వచ్చాక రైలు గెలిచింది, తరవాత లారీ గెలిచింది. మా ఆవిడ తాతగారి పడవ గట్టెక్కింది. 2008లో ఈ కాలువలను, వాటితో కలిసే గోదావరి, కృష్ణ భాగాలను కలిపి 1,078 కిలోమీటర్ల జాతీయ జలమార్గం-4గా ప్రకటించారు. కాగితం మీద అది ఉంది.

రెండో రోజు పాపికొండలు. గండిపోచమ్మ రేవులో లాంచీ ఎక్కాలి. కచ్చులూరు తరవాత అక్కడ కంట్రోల్ రూము పెట్టారు. ఎవరు ఎక్కారో రాసుకుంటారు, లైఫ్ జాకెట్ లేకుండా కదలనివ్వరు. నా చేతులు వణుకుతుంటే జాకెట్ బొత్తాలు మా ఆవిడే పెట్టింది. బల్ల మీద నుంచి లాంచీలోకి అడుగు వేసేటప్పుడు నా పక్కన కూర్చునేవాడే గుర్తొచ్చాడు. మొదటి గంట ఎదుటి మనిషి వీపు తప్ప ఏమీ చూడలేదు.

కచ్చులూరు రాగానే లాంచీలో అందరూ మాట్లాడడం ఆపేశారు. నది అక్కడ రెండు కొండల మధ్య ఇరుకై మెలి తిరుగుతుంది, పైకి నున్నగా ఉంటుంది, కింద సుడులు. ఆ రోజు ప్రాణాలతో బయటపడినవారిలో ఎక్కువమందిని కాపాడింది ఒడ్డునున్న కచ్చులూరు గిరిజనులు. పడవ ఒరగడం చూసి తమ చిన్న పడవలేసుకుని వెళ్ళారు. ఈ సంగతి మన పిల్లలకు తెలియాలి.

అక్కడే నాకు ఇంకో సంగతి తట్టింది. ఈ నీళ్ళు ఎక్కడివి? మాడుగుల కొండల్లో పుట్టిన మాచ్‌ఖండ్ కిందికి వచ్చి సీలేరు అవుతుంది. సీలేరు శబరిలో కలుస్తుంది, శబరి కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. ఎండాకాలం గోదావరి సన్నగిల్లినప్పుడు డెల్టాలో దాళ్వా వరికి ఆసరా, సీలేరు విద్యుత్ కేంద్రాల టర్బైన్లు తిప్పి కిందికి వచ్చిన నీళ్ళే. ఏటా డెల్టా రైతులు "సీలేరు నీళ్ళు వదిలారా?" అని అడుగుతారు. అంటే మన మన్యం నీళ్ళు ముందు కరెంటు ఇచ్చి, ఆ తరవాత అన్నం పెడుతున్నాయి. ఆ జలాశయాల కింద మునిగిన పల్లాలు, పోడు భూములు మనవాళ్ళవి. నా బల్ల మీది మిత్రుడు దాటిన నీళ్ళు కూడా అవే. నేను నలభై ఏళ్ళు భయపడిన నీళ్ళ మీదే కూర్చుని ఉన్నానని అర్థమైంది. అప్పుడు తల ఎత్తి కొండల వంక చూశాను.

మూడో రోజు ఆత్రేయపురం దగ్గర లొల్ల లాకులు. ఇక్కడ మాకు మంచి పాఠం జరిగింది. దాళ్వా కోతలయ్యాక మరమ్మతుల కోసం కాలువలు కట్టేస్తారని ఇంజనీరునైన నాకు తెలియక కాదు. ప్రయాణం హడావిడిలో మరిచిపోయాను. వెళ్ళి చూస్తే కాలువ ఎండి ఉంది! అడుగున మడుగుల్లో పిల్లలు చేపలు పట్టుకుంటున్నారు. మా ఆవిడ మొహం చూడలేకపోయాను. ముప్పై ఏళ్ళు ఎదురుచూసి వస్తే నీళ్ళే లేవు.

అక్కడ కాలం చేసిన వయసులో ఉన్న లస్కరు ఒకాయన, సర్వీసు అయిపోయినా లాకుల దగ్గరకు రాకుండా ఉండలేని మనిషి, మమ్మల్ని పిలిచి అన్నాడు: "ఆయ్, ఇప్పుడే చూడాలండి బాబూ. నీళ్ళుంటే లాకు కనపడదండి, నీళ్ళే కనపడతాయి." నిజమే. ఎండిన లాకులో దాని ఎముకలన్నీ కనిపించాయి.

పిల్లలూ, లాకు అంటే ఏమిటో చెబుతాను. కాలువ ఎగువన ఎత్తుగా, దిగువన పల్లంగా ఉంటుంది. పడవ మెట్లు దిగలేదు. అందుకని మధ్యలో రాతి గది కడతారు, రెండు కొసలా తలుపులు పెడతారు. పడవ గదిలోకి వచ్చాక ఎగువ తలుపు మూస్తారు. దిగువ తూము తెరిస్తే గదిలో నీరు మెల్లగా దిగుతుంది, దాంతో పాటు పడవా దిగుతుంది. లోపలి నీరు, బయటి నీరు సమానమయ్యాక దిగువ తలుపు తెరుస్తారు. పైకి ఎక్కాలంటే ఇదే తిరగేసి చేస్తారు. ఇంజను లేదు, కరెంటు లేదు. 1914లో తెరిచిన పనామా కాలువలో ఓడలు 26 మీటర్లు ఎక్కేదీ ఈ సూత్రంతోనే.

ఎగువకు మొన తిరిగేలా రెండు రెక్కలూ కోణంగా మూసుకుంటాయి. నీరు తోసేకొద్దీ ఒకదానికొకటి బిగుస్తాయి. ఒక వైపు రెండు మీటర్ల నీరుండి రెండో వైపు ఖాళీగా ఉంటే, మూడు మీటర్ల వెడల్పున్న రెక్క మీద సుమారు ఆరు టన్నుల తోపు పడుతుంది. పది మంది లాగినా రాదు. నీరు సమానమైతే ఇద్దరు మనుషులు చాలు.

ఇది నాకు ఇంజనీరింగ్ కాలేజీలో చెప్పారు. అంతకు ముందే ఈ బడి వెనక గెడ్డలో మా లెక్కల మాస్టారు రెండు పలకలు అడ్డుపెట్టి, అగ్గిపెట్టె పడవ వదిలి చూపించారు. వెనక బెంచీ నుంచి "కొండెక్కే పడవ ఎక్కడుంది సార్, మన ఘాటు రోడ్డు మీదా?" అని వెటకారం చేసిందీ నేనే. ఆయన కోప్పడలేదు. "ధవళేశ్వరం వెళ్ళినప్పుడు చూడరా" అన్నారు. మాస్టారూ, మీరు లేరు. చూశాను.

మా ఆవిడ ఎండిన లాకులోకి దిగి గోడ రాళ్ళ మీద చెయ్యి పెట్టి చాలాసేపు నిలబడింది. "తాతయ్య ఇక్కడ పైకి ఎక్కేటప్పుడు గోడ పట్టుకునే ఉంటాడు" అంది. లస్కరు ఆయన ఇంటి నుంచి పూతరేకులు తెప్పించి పెట్టాడు.

ఆ సాయంత్రం పి.గన్నవరం అక్విడక్టు చూశాం. గోదావరి పాయ కింద పారుతుంటే దాని మీదుగా కాలువ వంతెన ఎక్కి అవతలి లంకకు వెళుతుంది. రాత్రి దిండిలో హౌస్‌బోటు. వశిష్ఠ పాయ అక్కడ సముద్రపు పోటుకు పొంగి, పాటుకు దిగుతుంది. ఆ కదలికకు నాకు నిద్ర పట్టదనుకున్నాను. ఆమె కన్నా ముందే పడుకున్నానట.

నాలుగో రోజు పాలకొల్లు మీదుగా కొల్లేరు వెళ్ళాం. ఆటపాకలో చిన్న పడవ ఎక్కాం. పక్షులు చాలావరకు వెళ్ళిపోయిన కాలం, కొన్ని గూడకొంగలు మాత్రం ఉన్నాయి. కృష్ణా గోదావరుల మధ్య పల్లంలో ఉన్న సరస్సు అది. చేపల చెరువులు ఆక్రమించి దాన్ని చాలా కుంచించాయి. 2006లో వాటి గట్లు తెగ్గొట్టాల్సి వచ్చింది. ఆ పడవలో జాకెట్ బొత్తాలు నేనే పెట్టుకున్నాను. ఐదో రోజు తుని, నర్సీపట్నం మీదుగా ఇక్కడికే వచ్చాం. ఘాటు ఎక్కుతుంటే చల్లగాలి తగిలి ఆమె అంది: "ఇదీ మీ లాకే." మీరు లెక్క వేసుకోండి, సముద్రమట్టం నుంచి సుమారు వెయ్యి మీటర్లు!

ఇప్పుడు అసలు మాట. సంఘం వారిని రెండు అడుగుతున్నాను. ఒకటి: ఏటా వేసవిలో పదో తరగతి పిల్లలను ధవళేశ్వరం, లొల్ల తీసుకెళ్దాం. కాలువలు కట్టిన రోజుల్లోనే వెళ్దాం. ఖర్చులో సగం నాది. రెండు: జలాశయాలకు అవతలి ఊళ్ళ నుంచి వచ్చే పిల్లలు ఇప్పటికీ నాటు పడవల్లో దాటుతున్నారు. సెలవులకు వెళ్ళే ప్రతి పిల్లకీ, పిల్లాడికీ ఈ బడి నుంచి ఒక లైఫ్ జాకెట్ ఇద్దాం. సెలవుల తరవాత తిరిగి ఇచ్చేస్తారు. మొదటి ఇరవై ఐదు జాకెట్లు నా కారులో ఉన్నాయి, మా ఆవిడ కొన్నది. సభ అయ్యాక హెడ్‌మాస్టరు గారికి అప్పగిస్తాం.

ఆ దసరాకి వాడి ఒంటి మీద అలాంటిది ఒకటి ఉండి ఉంటే, ఈ రోజు నా పక్క కుర్చీలో కూర్చునేవాడు.

సెలవు.