చీజు లేని పిజ్జా

పిజ్జా అన్న మాట వినబడగానే పిల్లల కన్నులముందు మెదలునది తీగవలె సాగు చీజు. చీజు లేనిచో అది పిజ్జాయే కాదను తలంపు పట్టణములందేగాక పల్లెలందును పాదుకొన్నది. ఈ తలంపు ఎంతవరకు నిజము? కురిచేడువంటి చిన్న ఊరిలో, ఇంటనున్న ఇనుప పెనముతో, సంతలో దొరకు కూరగాయలతో, పాలపదార్థమేదియు తగులనీయక రుచిగల పిజ్జా చేయుట సాధ్యమా? ఈ విషయమును గూర్చి నేడు ముచ్చటింపదలచితిమి.

ఈ ప్రశ్న కేవలము వేడుకకు వేసినది కాదు. పాలు సరిపడనివారు మన ఇండ్లలో అనేకులు కలరు. కొందరికి పాలలోని చక్కెరను, అనగా లాక్టోసును, అరిగించుకొను శక్తి వయసుతో తగ్గిపోవును. వారికి కడుపుబ్బరము, విరేచనములు కలుగును. కొందరు పిల్లలకు పాలలోని మాంసకృత్తులే పడవు. అట్టివారికి కొంచెము తగిలినను ఒంటిపై దద్దురులు లేచును; ఒక్కొక్కప్పుడు ఊపిరియాడుటయే కష్టమగును. ఇక జంతువులనుండి వచ్చిన దేనిని ముట్టరాదని నియమము పెట్టుకొన్నవారును నేడు కలరు. వారిని వీగన్లందురు. ఈ మాట 1944లో ఇంగ్లండునందు డొనాల్డ్ వాట్సన్ మొదలగువారు స్థాపించిన సంఘముతో పుట్టినది. పుట్టినరోజు పండుగనాడు పదిమంది పిల్లలు పిజ్జా తినుచుండగా, పాలు పడని బిడ్డ ఒక్కడు మాత్రము ప్రక్కన కూర్చుండి అరటిపండు ఒలుచుకొనుట చూడముచ్చటైన సంగతి కాదు. అందరును ఒకే పళ్లెమునుండి తినగల వంటకము చేయగలిగిన ఇల్లాలికి కలుగు తృప్తి వేరు.

మొట్టమొదట ఒక సంగతి చెప్పవలెను. చీజు లేని పిజ్జా క్రొత్తగా కనిపెట్టినది కాదు. ఇటలీలోని నేపుల్సు నగరము పిజ్జాకు పుట్టినిల్లు. అచ్చట అది కూలినాలి చేసికొను పేదల తిండి. వారి పిజ్జాలలో మరినారా అను రకము మిక్కిలి పాతది. అందులో ఉండునవి టమాటా, వెల్లుల్లి, ఒరెగానో ఆకు, ఆలివునూనె, అంతే. చీజు ఊసే లేదు. 2010లో ఐరోపా సమాఖ్య నేపుల్సు పిజ్జాను సంప్రదాయ వంటకముగా గుర్తించి నిబంధనలు వ్రాసినప్పుడు ముఖ్యముగా రెండు రకములను పేర్కొన్నది. ఒకటి చీజు గల మార్గరీటా. రెండవది చీజు లేని ఈ మరినారా. 2017లో యునెస్కో సంస్థ నేపుల్సు పిజ్జా పనివారి కళను మానవజాతి వారసత్వపు పట్టికలో చేర్చినది. కావున చీజు లేని పిజ్జాను లోపముగల పిజ్జాగా ఎంచుట తగదు.

మన మెట్టసీమకును ఈ నీతి క్రొత్త కాదు. సజ్జరొట్టెపై వెల్లుల్లికారము పూసి, పైన నూనె చుక్క వేసి, ఉల్లిపాయ నంజుకొని తినువారు ఆ రొట్టెకు ఏదో కొరవడినదని ఎన్నడును అనరు. కాల్చిన రొట్టె, ఉప్పు, కారము, పులుపు, నూనె: ఈ ఐదును సరిగా కుదిరినచో నాలుక మరేమియు కోరదు. పిజ్జా కూడ రొట్టెయే గదా!

అయినను చీజు తీసివేసి తక్కినది ఉన్నది ఉన్నట్లు కాల్చినచో పిజ్జా చప్పగా, ఎండిపోయినట్లుగా ఉండును. అందుకు కారణము తెలిసికొనవలెను. చీజు పిజ్జాపై నాలుగు పనులు చేయును. మొదటిది, కొవ్వునిచ్చి నోటికి నునుపుదనము కలిగించును. రెండవది, ఉప్పునిచ్చును. మూడవది, వేడికి ఎర్రబారి కమ్మని వాసననిచ్చును. నాలుగవది, ఉప్పు, పులుపు, తీపి, చేదులకు చేరని ఒక నిండైన రుచిని ఇచ్చును. 1908లో జపాను శాస్త్రజ్ఞుడు కికునాయె ఇకెదా సముద్రపు నాచుతో కాచిన చారులో ఈ రుచిని గుర్తించి దానికి ఉమామి అని పేరిడెను. గ్లుటమేటు అను పదార్థము దానికి మూలము. చాలకాలము నిలువయుంచిన గట్టి చీజులో ఇది మెండు. పండిన టమాటాలోను ఇది కలదు. అందును కండకంటె గింజలచుట్టునుండు జిగురులో ఎక్కువగా ఉండును. గింజలు తీసి పారవేయువారు రుచిని పారవేయుచున్నారన్నమాట!

అట్లయిన టమాటాతోనే పని జరుగవలెను గదా; జరుగకుండుటకు కారణమేమి? నీరు. టమాటాలో నూటికి 94 పాళ్లవరకు నీరే. ఆ నీరు రుచిని పలుచన చేయును, రొట్టెను మెత్తబరచును. కావున చీజు లేని పిజ్జా చేయువారు చీజుకు బదులేమి వేయవలెనని వెదకుటకంటె టమాటానుండి నీటిని తొలగించుట ఎట్లని ఆలోచింపవలెను. ఈ వంటలోని కిటుకంతయు ఇందులోనే ఉన్నది.

ఇచ్చట మన సీమ ఎండ మనకు తోడ్పడును. గుంటూరునుండి నంద్యాలకు పోవు రైలుదారిలో వినుకొండ దాటిన పిమ్మట కురిచేడు వచ్చును. ఆ పిదప దొనకొండ, మార్కాపురము, కంభము, గిద్దలూరు. సాగరు కుడికాలువ నీరు అందినచోట పంటలు పచ్చగా ఉండును. అందనిచోట కంది, సజ్జ, జొన్నలే దిక్కు. వాన తక్కువ, ఎండ ఎక్కువ. ఈ ఎండను తిట్టుకొనని నోరు లేదు. కాని వరుగులకు ఇంతకుమించిన సాధనము లేదు. దక్షిణ ఇటలీలోను టమాటాలను ఎండలోనే ఎండబెట్టి ఏడాది పొడుగునను వాడుకొందురు. వంకాయ, మామిడి, గోరుచిక్కుడు వరుగులు పెట్టుట ఎరిగిన మన ఇల్లాండ్రకు టమాటా వరుగు పెద్ద విద్య కాదు.

దీనివలన మరియొక మేలు కూడ కలదు. టమాటా ధర నిలుకడ లేనిది. 2023 జులైలో మదనపల్లె మార్కెట్టులో కిలో నూరు రూపాయలు దాటినది. అదే ఏడు సెప్టెంబరునాటికి రాయలసీమ మార్కెట్లలో పది రూపాయలకు దిగువకు పడిపోగా కోతకూలి కూడ రాక రైతులు పండ్లను పారబోసిరి. ధర పడిన దినములలో నాలుగు కిలోలు కొని వరుగు పెట్టుకొన్నచో ఇంటికి లాభము, రైతుకును కొంత ఊరట.

వరుగు పెట్టు విధము ఇది. గట్టిగా, ఎర్రగా పండిన టమాటాలను నిలువుగా నాలుగు ముక్కలుగా కోయవలెను. కిలోకు రెండు టీచెంచాల ఉప్పు చల్లి, శుభ్రమైన బట్టపై కోసినవైపు పైకుండునట్లు పరచి, పైన పలుచని గుడ్డ కప్పి, మూడు నాలుగు దినములు ఎండబెట్టవలెను. ప్రొద్దుగ్రుంకగానే లోపలికి తీసికొనవలెను. లేనిచో రాత్రి చెమ్మకు బూజు పట్టును. తోలువలె వంగి, నొక్కిన తడి అంటనప్పుడు ఎండినట్లు లెక్క. పొడి సీసాలో గాలి చొరకుండ దాచిన నెలల తరబడి నిలుచును. ఒక హెచ్చరిక: వరుగులను గాని వెల్లుల్లిని గాని నూనెలో వేసి బయట నిలువ ఉంచరాదు. గాలి తగులని ఆ నూనెలో ప్రమాదకరమైన విషక్రిములు పెరుగవచ్చును. నూనెలో వేసినది ఫ్రిజ్‌లో ఉంచి రెండు మూడు దినములలో వాడివేయవలెను.

ఇక పిండి సంగతి. మూడు పిజ్జాలకు 200 గ్రాముల మైదా, 100 గ్రాముల గోధుమపిండి, ఒక టీచెంచా ఉప్పు, అర టీచెంచా పొడి ఈస్టు, ఒక పెద్ద చెంచా నూనె, సుమారు 190 మిల్లీలీటర్ల నీరు చాలును. ముద్ద కొంచెము చేతికి అంటునట్లుండవలెను. చపాతీపిండివలె గట్టిగా ఉండరాదు. పది నిముషములు బాగుగా పిసికి మూతపెట్టిన, వేసవిలో గంటకే రెట్టింపుగా పొంగును. అయితే తొందరగా పొంగిన పిండికి రుచి తక్కువ. దోసెలపిండి పులిసినకొలది రుచి వచ్చునట్లే దీనికిని సమయము కావలెను. ఈస్టును పావు టీచెంచాకు తగ్గించి, చల్లని నీటితో కలిపి, రాత్రియంతయు ఫ్రిజ్‌లో ఉంచి, మరునాడు వాడుకొనుట మేలు. సజ్జపిండి ఇష్టపడువారు గోధుమపిండిలో సగము తీసి దాని బదులు సజ్జపిండి వేయవచ్చును. అంతకుమించినచో సాగుదల తగ్గి రొట్టె విరుగును.

పైపూతకు ముప్పాతిక కిలో పండిన టమాటాలను గింజలతో సహా తరుగవలెను. మూడు పెద్ద చెంచాల నువ్వులనూనె గాని వేరుశనగనూనె గాని కాచి, చితుకగొట్టిన ఎనిమిది వెల్లుల్లి రెబ్బలను సన్నని సెగపై బంగారువన్నె వచ్చువరకు వేయించి, టమాటా ముక్కలు వేసి, మూత లేకుండ మూడవవంతు అగువరకు ఉడికింపవలెను. గుప్పెడు వరుగులను వేడినీటిలో పావుగంట నానబెట్టి, నూరి ఇందులో కలుపవలెను. వరుగులలో ఉప్పు ఉండును గనుక రుచి చూచి తరువాతనే ఉప్పు వేయవలెను. గరిటె జార్చిన దారి పూడకుండ నిలిచినచో పూత సిద్ధమైనట్లు. ఒరెగానో ఆకు మన ఊరి అంగళ్లలో దొరకకున్నను చింతలేదు. దాని వాసనకు మూలమైన కార్వక్రోలు, థైమోలు అను తైలములలో మొదటిది మన పెరటి వామాకులోను, రెండవది వాములోను కలవు. చిటికెడు వామును నలిపి వేసినను, రెండు వామాకులు సన్నగా తరిగి వేసినను ఆ వాసన వచ్చును. మోతాదు మించిన చేదగును.

మూడు పెద్ద ఉల్లిపాయలను నిలువుగా తరిగి, కొద్ది నూనెలో, చిటికెడు ఉప్పుతో, సన్నని సెగపై అరగంట వేయించినచో అవి తేనెరంగుకు తిరిగి తీపెక్కును. నునుపుదనము కావలెనన్నచో 50 గ్రాముల జీడిపప్పు వేడినీటిలో గంటసేపు నానబెట్టి, ఒక వెల్లుల్లి రెబ్బ, అరచెక్క నిమ్మరసము, పావు టీచెంచా ఉప్పు, నాలుగు పెద్ద చెంచాల నీటితో మెత్తగా రుబ్బవలెను. పిజ్జాపై అక్కడక్కడ చుక్కలుగా వేసిన వేడికి అది చిక్కబడును. జీడిపప్పు ప్రియమనుకొన్నవారు పొట్టు తీసిన వేరుశనగపప్పు వాడవచ్చును. తెలుగు ఇండ్లలో జున్ను అనగా ఈనిన పశువు తొలిపాలతో చేసినదే గనుక ఈ ముద్దకు ఆ పేరు పెట్టనక్కరలేదు. చీజువలె సాగవలెనని ఎదురుచూడనక్కరలేదు. దీని రుచి దీనిదే.

కాల్చు విధము. నేపుల్సు పొయ్యిలలో వేడి 430 డిగ్రీలు దాటియుండును; అచ్చట పిజ్జా నిముషము, నిముషమున్నరలో కాలును. మన ఇండ్లలో అంత వేడి రాదు. దళసరి ఇనుప పెనమును బాగుగా కాచి, చేతితో ఎనిమిది అంగుళముల వెడల్పు పరచిన పిండిని వేసి, మూతపెట్టి రెండు మూడు నిముషములు కాల్చవలెను. అడుగున ఎర్రని మచ్చలు పడగానే తిరుగవేసి, కాలినవైపు టమాటా పూత పలుచగా పూసి, ఉల్లిపాయలు, జీడిపప్పు ముద్ద పెట్టి, పైన ఒక చెంచా నూనె చుట్టు పోసి, మూతపెట్టి సన్నని సెగపై ఐదు నిముషములు ఉంచవలెను. కట్టెలపొయ్యి గలవారు ఇనుపమూతపై నిప్పులు పోసినచో పైభాగమును ఎర్రబడును. ఓవెను గలవారు దానిని పూర్తి వేడిలో అరగంట కాచి, పచ్చి పిండిపైనే పూతపూసి పది పండ్రెండు నిముషములు కాల్చిన చాలును. పూత మందముగా వేయుట, కూరగాయలు పచ్చివిగా గుట్టపోయుట, ఈ రెండును పిజ్జాను చెరచును.

దింపిన పిమ్మట చివరి మెరుగు మన కందిపప్పుది. దక్షిణ ఇటలీ పేదలు గట్టి చీజు కొనలేక రొట్టెపొడిని నూనెలో వేయించి దానికి బదులు చల్లుకొనెడివారు. పడమటి ప్రకాశములో కందికి కొదువలేదు. కందిపప్పు ఎర్రగా వేయించి, ఎండుమిరప, జీలకర్ర, వెల్లుల్లి, ఉప్పు చేర్చి కొట్టిన కందిపొడిని పిజ్జాకు ఒక చెంచా చొప్పున చల్లి, పైన నూనెచుక్క వేసి చూడుడు. ఉప్పు, కారము, వేపుడు కమ్మదనము ఒక్కసారిగా నాలుకకు తగులును.

పాలు పడని బిడ్డకొరకు చేయువారు మరియొక జాగ్రత్త వహింపవలెను. అంగడిలో అమ్ము పిజ్జా రొట్టెలలో పాలపొడి కలిసియుండవచ్చును. ప్యాకెట్టుపై పచ్చచుక్క శాకాహారమను గుర్తే గాని పాలు లేవను గుర్తు కాదు. 2022లో మన దేశమున వీగన్ ఆహారములకు ప్రత్యేక నిబంధనలు, వేరు గుర్తు ఏర్పడినవి. గుర్తుతోబాటు అందులోని దినుసుల పట్టిక కూడ చదువుట మంచిది. పాలు పడనివారిలో కొందరికి జీడిపప్పు, వేరుశనగ కూడ పడకపోవచ్చును గనుక ముందుగా అడిగి తెలిసికొనవలెను. ఇక పాలు, పెరుగు పూర్తిగా మానినవారికి బి12 విటమిను కొరత రాగలదు. అట్టివారు వైద్యుని సలహాపై దానిని వేరుగా తీసికొనవలెను.

చెప్పవలసిన సారము ఇంతే. చీజు లేని పిజ్జాకు కావలసినది అరుదైన దినుసు కాదు, ఓపిక. పిండికి ఒక రాత్రి, టమాటాకు నాలుగు ఎండలు, ఉల్లిపాయకు అరగంట ఇచ్చినచో రుచి తనంతట తానే వచ్చును. ఈ వేసవిలో టమాటా ధర దిగినప్పుడు రెండు కిలోలు వరుగు పెట్టి ఉంచుడు. పండుగనాటికి అది మీ ఇంట అందరికిని పంచదగిన విందగును.